గడప మీది పసుపు

కొత్తమ్మతల్లి జాతర దగ్గర పడిందంటే కోటబొమ్మాళి వీధుల్లో ఉప్పుకాగితం చప్పుడు మొదలవుతుంది. గరగరా, గరగరా. ఊరంతా ఇళ్ళకు రంగులు. ఆడపడుచులొస్తారు, వలసపోయిన కుర్రాళ్ళు హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ దిగుతారు. వాళ్ళొచ్చేసరికి గోడలు మెరవాలి. అన్నిటికంటే ముందు గడప మెరవాలి.

ఆ పూట నేను మా అప్ప ఇంట్లో వీధరుగు మీద కూర్చుని ఉన్నాను. పెయింటరు గడప దగ్గర గొంతుక్కూర్చుని పాత పసుపు ఎనామిల్ గీకుతున్నాడు. రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. పెచ్చుల కింద మెత్తటి పసుపు పొడి, గంధంలాగా. ఆ పొడిలో అప్ప మనవడు. ఏడాదిన్నర పిల్లాడు. గడప దాటడం కొత్తగా నేర్చుకున్నాడు. రెండు చేతులూ గడప మీద ఆనించి, ఓ కాలు ఎత్తి అవతలికి దొర్లుతాడు, మళ్ళీ ఇవతలికి. ఆటంతా అక్కడే. అరచేతులు పచ్చబడ్డాయి. వాటిని తిప్పి చూసుకుని నవ్వాడు. బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

లేచి వాణ్ణి ఎత్తేసుకున్నాను.

"ఏటైంది బాబూ? పిల్లడాడుకుంతన్నాడు గదా!" అన్నాడు పెయింటరు.

"ఆ పొడి నోట్లోకి పోతోందన్నా. మంచిది కాదు."

"రంగే గదండీ. ఇరవయ్యేళ్ళ నుంచి నాను ఈ పొడిలోనే బతుకుతన్నాను."

ఆ మాటకు నా దగ్గర చిన్న జవాబు లేదు. పెద్ద కథే ఉంది. అది బొమ్మాళికి సముద్రాల అవతల జరిగింది. జరిగి నూట పాతికేళ్ళు దాటింది. అయినా చదివిన రోజు నుంచీ అది మా గడప ముందే జరిగినట్టు అనిపిస్తోంది నాకు. అందుకే ఆ రోజు అరుగు మీద ఆయనకు చెప్పిందే ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను.

*

ఆస్ట్రేలియా తూర్పు తీరంలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం, దాని రాజధాని బ్రిస్బేన్. ఎండలు మన ఎండల్లాంటివే, వానలు మన వానల్లాంటివే. ఆ రోజుల్లో ఇళ్ళన్నీ కర్రవి. ఇంటి చుట్టూ వెడల్పాటి వసారాలు, వసారాలకు కర్ర కమ్మీలు. ఎండ పొడకు పిల్లల్ని బయటికి పంపకుండా వసారాలోనే ఆడనిచ్చేవారు. కమ్మీలకూ గోడలకూ తెల్లరంగు. ఆ తెలుపులో ఉండేది తెల్లసీసం.

1889లో అక్కడి పిల్లల ఆసుపత్రికి ఓ కుర్ర డాక్టరు వచ్చాడు. పేరు ఆల్ఫ్రెడ్ జెఫరిస్ టర్నర్. వైద్యం పక్కన ఆయనకు మరో పిచ్చి ఉంది. రాత్రిపూట దీపం చుట్టూ మూగే రెక్కల పురుగుల్ని సేకరించడం. రెక్క మీద ఓ గీత ఎక్కువుందా తక్కువుందా అని చూసి జాతి వేరుచేసే మనిషి. ఆ కన్నుతోనే ఆయన మంచాల మీది పిల్లల్ని చూశాడు.

ఆ వార్డును కళ్ళ ముందుకు తెచ్చుకోండి. ఓ పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. పక్క మంచం పిల్లాడు చెయ్యి చాపితే మణికట్టు కిందికి వాలిపోతోంది, ఎత్తలేడు. మరో పిల్ల నడక మరిచిపోయింది. ఇంకొకరికి మూర్ఛ. కొందరికి మెల్లకన్ను పడుతోంది, ఇంకొందరికి చూపే పోతోంది. ఇవన్నీ రంగుల ఫ్యాక్టరీల్లో, అచ్చు పనుల్లో మగ్గిన పెద్దవాళ్ళలో డాక్టర్లు చూసిన లక్షణాలే. సీసం విషం. అయితే ఈ పిల్లలు ఏ ఫ్యాక్టరీలో పనిచేశారు?

1892లో బ్రిస్బేన్ డాక్టర్లు ఐదుగురు కలిసి ఓ వైద్య మహాసభకు ఈ సంగతి రాసిచ్చారు. వాళ్ళలో టర్నర్ ఒకడు, కంటి డాక్టరు జాన్ లాక్‌హార్ట్ గిబ్సన్ ఒకడు. మా పిల్లలకు సీసం విషం ఎక్కుతోంది అన్నారు. ఎక్కడి నుంచి ఎక్కుతోందో చెప్పలేకపోయారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకడానికి పన్నెండేళ్ళు పట్టింది.

నీళ్ళ నుంచి అనుకుంటే ఇంటిల్లిపాదీ తాగేది ఆ నీళ్ళే. తిండి నుంచి అనుకుంటే అందరూ తినేది ఆ తిండే. పడిపోతున్నది మాత్రం చిన్నపిల్లలు. అదీ అన్ని ఇళ్ళలో కాదు. గిబ్సన్ దగ్గరికి చూపు మందగించిన పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నారు. ఆయన కళ్ళలోకి చూడటంతో ఆగలేదు, ఆ పిల్లలు బతికే ఇళ్ళను చూశాడు. కమ్మీ మీద అరచెయ్యి రాస్తే తెల్లటి పొడి అంటుకుంది. ఎండకు ఎండీ ఎండీ రంగు నుసిగా మారిపోయింది. పిల్లలు లేచి నిలబడ్డానికి పట్టుకునేది ఆ కమ్మీనే. అదే చెయ్యి నోట్లోకి పోతుంది. గోళ్ళు కొరికే పిల్లలకూ, వేలు చీకే పిల్లలకూ జబ్బు ఎందుకు వస్తోందో అప్పుడు తెలిసింది.

1904లో గిబ్సన్ ఓ వ్యాసం అచ్చేయించాడు. దాని పేరులోనే ఒక విన్నపం ఉంది. క్వీన్స్‌లాండ్ పిల్లలకు ఎక్కుతున్న సీసం విషానికి మూలం రంగు వేసిన కమ్మీలూ, గదుల గోడలూ అని నమ్మండి అని వేడుకున్నాడు. ఇంటి రంగు పసిపిల్లల్ని చంపుతోందని ఆధారాలతో ప్రపంచానికి చెప్పిన తొలి మనుషుల్లో ఆయన ఒకడు.

అందరూ నమ్మలేదు. తోటి డాక్టర్లే పెదవి విరిచారు. పిల్లలకు అందే ఎత్తులో, నేల నుంచి నాలుగడుగుల లోపు, సీసం రంగు వెయ్యకూడదని క్వీన్స్‌లాండ్‌లో చట్టం వచ్చేసరికి 1922 అయింది. వ్యాసానికీ చట్టానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు.

కథ ఇక్కడ అయిపోతే నేను మీ మనసును ఇంత బరువు చేసేవాణ్ణి కాదు.

*

చట్టం వచ్చాక కూడా క్వీన్స్‌లాండ్‌లో ఓ వింత కనిపించింది. పాతిక, ముప్ఫై ఏళ్ళ వాళ్ళు మూత్రపిండాలు చెడి చనిపోతున్నారు. పక్క రాష్ట్రాల్లో లేని లెక్క. 1929లో జార్విస్ నై అనే డాక్టరు ఈ యువకుల బాల్యంలోకి తొంగిచూశాడు. చిన్నప్పుడు సీసం విషం ఎక్కి, 'నయమై', ఇంటికి వెళ్ళిపోయిన పిల్లలు వీళ్ళలో ఉన్నారని గుర్తించాడు. ఆ మాటనూ చాలామంది ఒప్పుకోలేదు. 1954లో హెండర్సన్ అనే మరో డాక్టరు పాత దస్త్రాలు తీశాడు. 1915 నుంచి 1935 దాకా సీసం విషమని నిర్ధారణ అయిన పిల్లలు 401 మంది. వాళ్ళేమయ్యారో ఒక్కొక్కరినీ వెతికాడు. 165 మంది నలభై ఏళ్ళు నిండకుండానే చనిపోయారు. వాళ్ళలో 108 మంది మూత్రపిండాల జబ్బుతోనో, రక్తపోటుతోనో పోయారు.

వసారాలో ఆడుకుంటూ రెండేళ్ళప్పుడు నాకిన పొడి, ముప్ఫై ఏళ్ళు ఒంట్లో దాగి, పెళ్ళై పిల్లలు పుట్టాక వచ్చి చంపింది.

ఈ వాక్యం దగ్గర శ్రీకాకుళం మనిషి ఎవరైనా ఆగిపోతాడు. బొమ్మాళి దాటి ఇచ్ఛాపురం వైపు వెళ్తే అంతా ఉద్దానం. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి. డయాలసిస్ అన్న మాట తెలియని ఇల్లు లేదు ఆ ఊళ్ళలో. 2023 డిసెంబరు 14న పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరవాల్సి వచ్చిందంటే మా నేల ఎంత ఏడ్చిందో అర్థం చేసుకోండి. ఉద్దానం జబ్బుకు ఇంటి రంగే కారణమని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం, ఆ కుటుంబాలకు ద్రోహం కూడా. నేననేది ఒక్కటే. మూత్రపిండాలు ఇంత అలిసిపోయిన జిల్లాలో, మూత్రపిండాలను తినే విషాన్ని చేతులారా కొనితెచ్చి గడపకు పూయడానికి మనకు మనసెలా ఒప్పాలి?

*

మా నాయనమ్మ కాలంలో గడపకు రాసింది పసుపే. శుక్రవారం తెల్లారకుండా గడప కడిగి, పసుపు అలికి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో గీతలు వేసేది. గోడలకు సున్నం, అడుగున జేగురు పట్టీ. వాటిలో పసివాణ్ణి చంపేది ఏదీ లేదు. తర్వాత ఎనామిల్ వచ్చింది. ఒక్కసారి పూస్తే ఏడాది పొడుగునా పసుపు పసుపుగానే, బొట్టు ఎర్రగానే. ఆడవాళ్ళకు వారం వారం నడుం వంచే పని తప్పింది. అది తప్పు పట్టే సంగతి కాదు. ఆ పసుపు వెనక ఏముందో వాళ్ళకు ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

ఎనామిల్ రంగుల్లో సీసం ఎక్కువగా దొరికేది మెరిసే పసుపులో, నారింజలో, ఎరుపులో. లెడ్ క్రోమేట్ అనే సీసం సమ్మేళనం నిండు పసుపు ఇస్తుంది. చవక. ఎండకు వెలవదు. రంగు త్వరగా ఆరడానికి కలిపే మందుల్లో కూడా సీసం వాడతారు. నీళ్ళు కలుపుకునే డిస్టెంపరు, ఎమల్షన్ కంటే టర్పెంటైన్ పోసి కలిపే ఎనామిల్ దగ్గరే అసలు జాగ్రత్త. కిటికీ ఊచలు, తలుపులు, ద్వారబంధాలు, మంచం కోళ్ళు, ఉయ్యాల గొలుసులు, అంగన్‌వాడీ జారుడుబల్లలు. పిల్లల చెయ్యి పడే చోటల్లా అదే.

సీసం ఒంట్లోకి వెళ్తే శరీరం దాన్ని కాల్షియం అని పొరబడుతుంది. ఎముకల్లో దాచుకుంటుంది, ఏళ్ళ తరబడి. తల్లి కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఎముక కరిగి కాల్షియంతో పాటు ఈ సీసం కూడా మాయ దాటి బిడ్డకు చేరుతుంది. అదే మోతాదు నోట్లోకి పోతే, పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ పిల్లల ఒంట్లో ఇంకుతుంది. పాలూ గుడ్డూ అందని, రక్తం తక్కువ ఉన్న పిల్లలకైతే మరీ ఎక్కువ. అంటే పేదింటి బిడ్డకు రెండు దెబ్బలు.

పైకి ఏమీ కనపడదు. బ్రిస్బేన్ పిల్లల్లా మణికట్టు వాలిపోవాలంటే చాలా విషం ఎక్కాలి. అంతకంటే బాగా తక్కువలోనే మెదడు దెబ్బతింటుంది. 1979లో అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరు బడి పిల్లల ఊడిన పాలపళ్ళు పోగుచేశాడు. మన పిల్లలు పెంకుల మీదికి విసిరే ఆ పళ్ళే. వాటిలో ఎంత సీసం ఉందో కొలిచాడు. పన్నులో సీసం ఎక్కువున్న పిల్లల తెలివితేటల పరీక్ష మార్కులు తక్కువ. టీచర్లు వాళ్ళను పరధ్యానం పిల్లలు, మాట వినని పిల్లలు అన్నారు. మన బళ్ళలో 'వీడికి చదువు రాదు, బుర్ర లేదు' అని మూల కూర్చోబెట్టిన పిల్లాణ్ణి తలుచుకోండి. వాడి రక్తం ఎవరైనా పరీక్ష చేయించారా?

సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అన్న హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలంటుంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ఆ గీత దాటిన పిల్లలు ప్రపంచంలో 80 కోట్ల మంది ఉంటారని లెక్క కట్టాయి. వాళ్ళలో 27 కోట్ల 50 లక్షల మంది మన దేశంలోనే.

*

మన దేశంలో ఈ సంగతి కొత్తగా తెలిసిందేమీ కాదు. 1990ల చివర బెంగళూరు కేంద్రంగా డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్, జార్జ్ ఫౌండేషన్ కలిసి నగరాల్లో పిల్లల రక్తం పరీక్షించారు. ఆ నగరాల్లో మన హైదరాబాదు కూడా ఉంది. అప్పటి హద్దు 10 మైక్రోగ్రాములు. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగం మందికి పైగా ఆ హద్దు దాటారు. 2000లో పెట్రోలులో సీసం కలపడం దేశమంతా ఆపేశారు. గాలి కొంత తేలికపడింది. రంగుల డబ్బా మాత్రం మరో పదహారేళ్ళు ఎవరికీ పట్టలేదు. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ బజారులో డబ్బాలు కొని పరీక్ష చేయిస్తూ, సీసం ఉంది మహాప్రభో అని మొత్తుకుంటూ వచ్చింది.

చివరికి 2016 నవంబరు 1న కేంద్ర పర్యావరణ శాఖ నిబంధనలు ప్రకటించింది. ఏడాది తర్వాత, 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఇంటికి వేసే, అలంకారానికి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు దాటకూడదు. అదే 90 పీపీఎం. దాటితే తయారు చేయకూడదు, అమ్మకూడదు, దిగుమతీ ఎగుమతీ చేయకూడదు. ఆ మాట డబ్బా మీద అచ్చు వేయాలి.

పెద్ద కంపెనీలు చాలావరకు దారికొచ్చాయి. చిన్న కంపెనీల ఎనామిల్ డబ్బాల్లో హద్దు మీరిన సీసం తర్వాతి పరీక్షల్లోనూ బయటపడుతూనే ఉంది. ఇంకో చిక్కుంది. ఈ నిబంధన ఇంటి రంగులకే, పారిశ్రామిక రంగులకు కాదు. యంత్రాలకూ ఇనుప సామానుకూ వేసే రంగు చవగ్గా దొరికితే గేటుకీ ఊచలకీ కొట్టేయడం మన దగ్గర మామూలే. మూడో చిక్కు, 2017కు ముందు వేసిన పాత పూతలు. కొత్త రంగు కింద అవి పొరలు పొరలుగా అలాగే ఉన్నాయి. జాతరకు ముందు ఉప్పుకాగితం గీకేది వాటినే.

ఆంధ్రదేశం మొత్తం సీసం పేరు తలుచుకున్నది ఒక్కసారే. 2020 డిసెంబరు 5 రాత్రి ఏలూరులో జనం నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే పడిపోయారు. నోట నురగ, మూర్ఛ. ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని చెప్పింది. తర్వాతి పరిశోధనలు పురుగుమందుల వైపు వేలు చూపించాయి. గంటల్లో వచ్చి గంటల్లో పోయే మూర్ఛ సీసం లక్షణం కాదని నిపుణులు అన్నారు. ఏలూరు పేరు పత్రికల్లోంచి జారిపోయింది, దాంతో పాటు సీసమూ జారిపోయింది. నాకు మాత్రం ఓ ముల్లు మిగిలింది. ఆ రాత్రి జబ్బుకు అది కారణం కాకపోతే, మరి ఆ మనుషుల నెత్తురులోకి సీసం ఎప్పుడు చేరింది? ఏ గోడ నుంచి, ఏ గిన్నె నుంచి, ఏ నీటి నుంచి? ఆ ప్రశ్న మనం వెంటపడి అడగాల్సింది.

*

ఆ సాయంత్రం అప్ప కొన్న డబ్బా తిప్పి చూశాను. పసుపు బొమ్మ, మెరుపు గురించి పెద్ద అక్షరాలు. తయారీదారు చిరునామా సగం చెరిగింది. సీసం మాట ఎక్కడా లేదు. డబ్బా పట్టుకుని కొన్న దుకాణానికి వెళ్ళాను.

"దీంట్లో సీసం ఎంతుందో రాయాలి కదండీ?"

"సీసమా? ఇది పెయింటండీ బాబూ." షాపాయన నన్ను ఎగాదిగా చూశాడు. మోసం చేసే మనిషి కాదాయన. నిజంగానే ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంకో కంపెనీ డబ్బా తీయించి చూస్తే దాని మీద స్పష్టంగా ఉంది, సీసం 90 పీపీఎం మించదని. రెండూ పక్కపక్కనే పెట్టి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండూ చదివాడు. మొదటి డబ్బా మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నాడు.

ఇంటికొచ్చి చెబితే అప్ప అంది: "ఒరే, డబ్బా అంటే మార్చేసినాడు. అదే పిల్లడికేదైనా అయితే? కేసులూ కోర్టులూ మనవల్లవుతాయేటి? ప్లీడరు ఫీజుకే పొలం అమ్ముకోవాల."

ఈ భయమే సీసం కంటే లోతుగా ఇంకింది మన ఎముకల్లో. కాబట్టి అప్పకు చెప్పిన మాటలే మీకూ చెబుతున్నాను.

కోర్టు ఎక్కడో లేదు, జూనియర్ సివిల్ జడ్జి కోర్టు కోటబొమ్మాళిలోనే ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ, వికలాంగులకూ, పారిశ్రామిక కార్మికులకూ ప్లీడరును ప్రభుత్వమే పెట్టిస్తుంది. ఆదాయం ఎంతని అడగరు. రంగు పొడి నోట్లో పెట్టుకున్న పసివాడూ, వాణ్ణి చంకనేసుకున్న తల్లీ ఇద్దరూ ఆ జాబితాలో ఉన్నారు. తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసి కోర్టు దగ్గరి మండల న్యాయసేవా కమిటీకిగానీ, శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకుగానీ ఇస్తే చాలు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు, ఫోను ఖర్చు కూడా లేదు.

వినియోగదారుల దారి ఇంకోటి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. సరుకు లోపం వల్ల మనిషికి హాని జరిగితే తయారు చేసినవాడే నష్టపరిహారం కట్టాలని అందులో ప్రత్యేకంగా ఓ అధ్యాయమే పెట్టారు. తయారు చేసినవాడి అడ్రసు దొరక్కపోతే అమ్మినవాడు జవాబు చెప్పాలి. పిల్లాడి తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు వేయొచ్చు. సరుకుకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. ప్లీడరు లేకుండా మీరే నిలబడి చెప్పుకోవచ్చు. సరుకును ప్రయోగశాలకు పంపించి పరీక్ష చేయించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. గడువు మాత్రం మరిచిపోవద్దు, రెండేళ్ళు. ముందు సలహా కావాలంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి.

వీటన్నిటికీ ఆధారం కావాలి. ఇక్కడే మనవాళ్ళు ఓడిపోతారు. బిల్లు అడగరు. రంగు అయిపోగానే డబ్బాలో మొక్క నాటుతారు. రంగు కొంటే బిల్లు తీసుకోండి. డబ్బా మీది బ్యాచి నంబరు ఫోనులో ఫొటో తీయండి. అడుగున కొంచెం రంగు మిగిల్చి మూత గట్టిగా పెట్టి ఉంచండి. పిల్లాడి మీద అనుమానముంటే, అంటే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తక్కువ, మాటలు ఆలస్యం, మట్టీ పెచ్చులూ తినే అలవాటు ఉంటే, రక్తంలో సీసం పరీక్ష రాయమని డాక్టరును మీరే అడగండి. ఆ కాగితం వైద్యానికీ పనికొస్తుంది, కోర్టుకూ పనికొస్తుంది.

ఇంత శ్రమ పడితే ఫలితం ఉంటుందా అంటే ఉంటుంది. అమెరికాలో ఇంటి రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అయినా పాత ఇళ్ళ గోడల నుంచి రాలుతూనే ఉంది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీ 2000లో రంగుల కంపెనీల మీద దావా వేసింది. తర్వాత మరికొన్ని స్థానిక ప్రభుత్వాలు కలిశాయి. పందొమ్మిదేళ్ళు నడిచింది. 2019లో మూడు కంపెనీలు 30 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. అక్కడ అద్దె ఇళ్ళలో ఉంటున్న మన పిల్లలకు ఓ మాట: 1978కి ముందు కట్టిన ఇల్లైతే, సీసం రంగు గురించి తనకు తెలిసింది కాగితం మీద పెట్టి ఇవ్వడం ఇంటి యజమాని బాధ్యత. సంతకం పెట్టే ముందు అడగండి.

అంత దూరం దేనికి, బంగ్లాదేశ్ చూడండి. అక్కడ ఈ లెడ్ క్రోమేట్‌నే తినే పసుపులో మెరుపు కోసం కలిపేవారు. 2019లో బజారులోని పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం దొరికింది. ప్రభుత్వం టోకు బజారు మీద దాడి చేసి, జరిమానా వేసి, ఊరూరా చాటింపు వేసింది. 2021కి ఆ 47 సున్నా అయింది. రెండేళ్ళలో!

మన ఉత్తరాంధ్రలోనే ఏటికొప్పాక ఉంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే ఊరు. చవక రసాయన రంగులు వచ్చి పడ్డ రోజుల్లో సి.వి. రాజు అనే మనిషి పనివాళ్ళను కూర్చోబెట్టుకుని గింజలూ బెరళ్ళూ వేళ్ళూ ఆకులూ మరిగించి మళ్ళీ రంగులు తీశారు. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసిపిల్ల నోరు అందుకునే చోట ఏ రంగు ఉండాలో చెప్పగలిగిన మనిషి మన మధ్యనే ఉన్నారన్నమాట.

*

పెయింటరు సంగతి మిగిలింది. ఇరవయ్యేళ్ళుగా ఆ పొడిలో బతుకుతున్న మనిషి. రోజూ ఆ చొక్కాతో ఇంటికెళ్ళి తన పిల్లల్ని ఎత్తుకునే మనిషి. సీసం వల్ల వచ్చే జబ్బును 1923 నాటి కార్మిక పరిహార చట్టంలోనే వృత్తి జబ్బుగా రాసి పెట్టారు. రంగు వేసేవాళ్ళు భవన నిర్మాణ కార్మికులే, సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. "కార్డుందా అన్నా?" అంటే "నేదు బాబూ" అన్నాడు. విశాఖలోనూ హైదరాబాదులోనూ అపార్టుమెంట్లకు రంగులేస్తున్న మా జిల్లా కుర్రాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళకు కార్డుందో లేదో ఇంట్లోవాళ్ళు ఓసారి అడగండి.

ఆయనతో మాట్లాడి పని పద్ధతి మార్చాం. పిల్లాణ్ణీ నెల తప్పిన కోడల్నీ రెండు రోజులు పక్కింటికి పంపాం. గడప మీద నీళ్ళు చల్లి, తడి మీదే గీకాడు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. దీపంతో కాల్చి రంగు ఊడదీయడం వద్దన్నాను, ఆ పొగ పొడి కంటే చెడ్డది. చీపురు పట్టకుండా తడి గుడ్డతో తుడిచి, గుడ్డా పెచ్చులూ సంచిలో మూట కట్టాం. గట్టిగా అతుక్కుని ఉన్న చోట పాత రంగు కదపలేదు, మంచి రంగుతో మీద కప్పేశాడు. అన్నం తినే ముందు సబ్బుతో చేతులు కడిగాడు. సాయంత్రం చొక్కా మార్చుకుని వెళ్ళాడు.

జాతర ఏటా వస్తుంది. సంక్రాంతీ వస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఉప్పుకాగితం చప్పుడు వినిపిస్తే ఓ నిమిషం ఆగి, పిల్లాణ్ణి ఎత్తుకుని, డబ్బా తిప్పి చూడండి. సీసం 90 పీపీఎం మించదన్న మాట దాని మీద లేకపోతే కొనకండి. కొన్నాక తెలిస్తే బిల్లు పట్టుకుని 1915కు చెప్పండి, పిల్లాడికి ఏమైనా అయితే 15100కు చెప్పండి.